క్లాడింగ్: వీధి గోడకి వద్దు, పడమటి గోడకి కావాలి

ఇంటి గోడలు లేచాయి, బయటి ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదు. క్లాడింగ్, అంటే బయటి గోడ మీద రాయో, పలకలో తొడగడం, వేయాలా వద్దా అన్నది తేలాల్సింది ఇప్పుడే. రంగులు కూడా అయ్యాక చూసుకుందాం అంటే కుదరదు. క్లాడింగ్ వేస్తే గోడ మందం పెరుగుతుంది. కిటికీ ఫ్రేము ఎంత లోపలికి ఉండాలి, సజ్జా ఎంత బయటికి రావాలి, వాన నీటి పైపు ఏ దారిన దిగాలి, బయటి లైట్ల వైర్లు ఎక్కడ తేలాలి, అన్నీ దాన్ని బట్టే మారతాయి.

మా ఆయనకి ముందు గోడ నిండా రాయి ఉండాలని కోరిక. రాయంటే నాకూ ఇష్టమే. కానీ క్లాడింగ్ అనగానే ఎవరైనా ఎలివేషన్ గురించే మాట్లాడతారు. ఏ రంగు, ఏ డిజైను, గేటు దగ్గర నుంచి ఎలా కనిపిస్తుంది! పలక వెనక్కి వెళ్లిన నీళ్లు మళ్లీ ఎలా బయటికొస్తాయని అడిగితే మాత్రం, "సందుల్లో సిలికాన్ కొడతాం కదమ్మా" అని క్లాడింగ్ వేసేవాళ్లు ఊరుకున్నారు.

నీళ్లు వెనక్కి వెళ్తాయి. అది ముందే ఒప్పుకుని పని మొదలుపెట్టాలి. పలకల సందుల్లోంచి, కిటికీ మూలల్లోంచి, పిట్టగోడ పైనుంచి గాలివానకి ఎలాగోలా దూరతాయి. ఎండకి సందులు పూడ్చే సీలెంట్ కొన్నేళ్లలో గట్టిపడి అంచు వదిలేస్తుంది. న్యూజిలాండ్‌లో 1990ల్లోనూ, 2000 తర్వాతి కొన్నేళ్లలోనూ కట్టిన వేల ఇళ్లు ఇలాగే పాడయ్యాయి. బయట చూస్తే నున్నటి క్లాడింగ్. వెనక చాలావాటికి గాలి ఆడే సందే లేదు. లోపలికి పోయిన తడి ఆరే దారి లేక చెక్క ఫ్రేములు కుళ్లిపోయాయి. మాది ఇటుక గోడ, కుళ్లదు, నిజమే. కానీ చెమ్మ లోపలి రంగు మీద పొక్కులై తేలుతుంది. సిమెంటులోని లవణాలు నీళ్లలో కరిగి రాతి అంచుల దగ్గర తెల్లటి మరకలు కడతాయి. కడిగితే పోతాయి, వానలు పడితే మళ్లీ వస్తాయి.

రాయికి బరువు సంగతి కూడా ఉంది. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు మీటరుకి దాదాపు 54 కిలోలు తూగుతుంది. నేల మీద పరిస్తే ఆ బరువుకి పేచీ లేదు. నిలువు గోడ మీద అదంతా వెనకున్న సిమెంటు పొరో, గమ్మో మోయాలి. ఎండకి రాయి, పొర, గోడ మూడూ ఒకేలా సాగవు. రాయి వెనక కోత దుమ్ము ఉండిపోయినా పట్టు సరిగా దొరకదు. తెలిసినవాళ్ల ఇంటి ముందు గోడ రాళ్లని వేలి కణుపుతో తట్టి చూశాను. కొన్ని గట్టిగా పలికాయి, కొన్ని డొల్లగా మోగాయి. డొల్లగా మోగిందంటే ఆ పలక వెనక పట్టు లేనట్టే. సరిగ్గా దాని కిందే వాళ్ల పిల్లలు సైకిళ్లు పెడుతున్నారు. ఆ మాట వాళ్లకి చెప్పి, సైకిళ్లు అప్పటికప్పుడే పక్కకి తీయించాను. ఎత్తులో పెద్ద రాళ్లు పెట్టాలంటే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులతో బిగించాల్సిందే. అప్పుడు కూడా తేలికపాటి బ్లాకు గోడల్లో మామూలు యాంకర్ బోల్టు సరిగా పట్టదు. కాంక్రీటు బీములు, స్తంభాలు ఎక్కడున్నాయో చూసి పట్టించాలి.

ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) మాత్రం వద్దు, దాని గురించి నాకు రెండో ఆలోచన లేదు. రెండు పక్కలా పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో చాలావాటిలో పాలిథిన్. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు బయటి గోడ పట్టుకుని పైకి పాకింది ఇలాంటి పలకల వల్లే. 72 మంది పోయారు. అది 24 అంతస్తుల భవనం, మాది చిన్న ఇల్లు. అయినా పడుకునే గది గోడకి కాలే సరుకు తగిలించడం నాకు ఇష్టం లేదు. మంటని తట్టుకునే కోర్ (మధ్య పొర) ఉన్న రకాలూ దొరుకుతాయి. తీసుకునేవాళ్లు ఆ పరీక్ష కాగితం అడిగి చూడండి. చెక్క అందంగానే ఉంటుంది కానీ, నూనె పట్టించడం మానేస్తే ఎండకి బూడిద రంగుకి తిరుగుతుంది.

క్లాడింగ్ నిజంగా పనికొచ్చేది పడమటి గోడకి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండంతా ఆ గోడ తాగుతుంది, రాత్రి పడుకునే వేళకి వేడి గదిలోకి వదులుతుంది. దానికి నేరుగా రాయి అంటిస్తే గోడ ఇంకాస్త మందమవుతుంది, అంతే. అదే గోడకి ఫ్రేము కొట్టి, ఒక 25 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాని మీద పలకలు బిగిస్తే గోడకి గొడుగు పట్టినట్టే. ఎండ పలకకి తగులుతుంది. వెనకున్న గాలి వేడెక్కి పైకి లేచి బయటికి పోతుంది, కిందినుంచి చల్లటి గాలి లోపలికొస్తుంది. దూరిన వాన నీళ్లూ ఆ సందులోనే జారి కిందికి దిగి ఆరిపోతాయి. కిందా పైనా సందు మూయకూడదు, ఎలుకలు, పురుగులు దూరకుండా జాలీ మాత్రం పెట్టాలి.

పలకకి ఫైబర్ సిమెంట్, అంటే సిమెంటులో పీచు కలిపి చేసేది, ఎంచుకున్నాను. 10 మిల్లీమీటర్లది చదరపు మీటరుకి సుమారు 15 కిలోలే. కోసిన అంచులకి తప్పకుండా సీలర్ పూయాలి, లేకపోతే నీళ్లు పీల్చుకుంటాయి. కోసేవాళ్లు మాస్కు లేకుండా కోయకూడదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ఈ విషయంలో మేస్త్రీ గారితో కాస్త గట్టిగానే మాట్లాడాను, "మా కుర్రాళ్లకి అలవాటేనమ్మా" అంటే ఒప్పుకోలేదు.

ముందు గోడకి మంచి ప్లాస్టరింగ్, వాన తట్టుకునే రంగు చాలన్నాను. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత గుమ్మం పక్కన, నడుం ఎత్తు దాకా మాత్రం రాయి పెట్టుకుందామన్నారు. ఆ ఎత్తులో ఊడినా ఎవరి నెత్తినా పడదు, తట్టి చూసుకోవడానికి చేతికీ అందుతుంది. సరేనన్నాను. పలకలు కొన్ని ఎక్కువే తెప్పిస్తున్నాం. రేపు ఒకటి పగిలితే అదే రంగు మళ్లీ దొరక్కపోవచ్చు.