మెదక్ చర్చిల నేను ముందు నేల చూసిన

నాది టైల్స్ పని. పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న, బాత్రూంలు, కిచెన్లు, హాళ్లు, ఎక్కువ మియాపూర్ దిక్కు అపార్ట్‌మెంట్లల్ల. 2024 క్రిస్మస్‌కు మెదక్ పోయొచ్చిన సంగతి రాద్దామని కూసుంటే మొదలు ఈ పని ముచ్చటనే చెప్పాల్సొస్తుంది, ఏమనుకోకుర్రి.

పోయేదానికి రెండు వారాల ముందు మా పాస్టర్ గారు తలాంతుల వాక్యం చెప్పి అందరికి చిన్న చిన్న చీటీలు ఇచ్చిన్రు, దేవుడు మీకిచ్చిన తలాంతు, అంటే మీకు చేతనైన విద్య, ఏందో రాసి డబ్బాల వెయ్యుర్రి అన్నరు. మా ఇంటామె "వంట" అని రాసింది. మా బామ్మర్ది "కీబోర్డు" అని రాసిండు, వానికి వచ్చినయి రెండు పాటలే, అది వేరే సంగతి. నాకు పాట రాదు, నలుగుర్ల నిలబడి ప్రార్థన చెయ్యమంటే నాలుక మడతపడుతది. చీటీ ఖాళీగనే మడిచి వేసిన. బైబిల్ల మత్తయి 25ల తలాంతు అంటే పైసలు, యజమాని ఇచ్చిన ఒక్క తలాంతును ఒకడు భూమి తవ్వి దాచిపెడతడు కదా, తవ్వుడన్న వచ్చు నాకు అని లోపల నవ్వుకున్న గని ఇంటికొచ్చినంక కూడ ఆ ఖాళీ చీటీ మనసుల గుచ్చుతనే ఉంది.

24 పొద్దుగూకినంక సంఘపోళ్లం నలభై మందిమి బస్సు మాట్లాడుకొని బయలుదేరినం. నర్సాపూర్ అడివి దాటంగ పిల్లలందరు పండుకున్నరు, పెద్దోళ్లు పాటలు పాడుకుంట కూసున్నరు, నేను కిటికీ కాడ కూసొని చలికి చెవులకు మఫ్లర్ చుట్టుకున్న. హైదరాబాద్ నుంచి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, అయినా ఆ రాత్రి ట్రాఫిక్‌కు మస్తు టైం పట్టింది. ఈసారి జనం ఎందుకంత అంటే చర్చి ప్రతిష్ఠ అయింది 1924 డిసెంబర్ 25న, అంటే సరిగ్గ నూరేండ్లు. రోడ్డు పక్కన ఒక ఖాళీ ప్లాటుల జాగ దొరికితే పరదాలు పరిచి పండుకున్నం, మా పక్కన ఇంకో మూడు నాలుగు ఊర్లోళ్లు.

తెల్లారంగనే చర్చి కాడికి పోయినం. గోపురం 175 ఫీట్లు, తలెత్తి చూస్తే మఫ్లర్ జారి కింద పడ్డది. లైన్ల నిలబడి నిలబడి లోపలికి పోయేసరికి ఎండ బాగనే ఎక్కింది, అది మా అదృష్టం, ఎందుకంటే ఆడి రంగు అద్దాల కిటికీలు బయట వెలుగుంటేనే కనపడతయి, రాత్రి పూట పోతే ఏమీ ఉండదు. ఏసయ్య పుట్టుడు, సిలువ, ఆరోహణం, మూడు కిటికీలు. అందరు సెల్‌ఫోన్లు పైకెత్తి వాటినే ఫొటోలు తీస్తున్నరు. నేను కింద నేల చూస్తున్న. అలవాటు. ఎవరింటికి చుట్టపుచూపుగ పోయినా ముందు నేలనే చూస్త.

ఆ మొజాయిక్ టైల్స్ బ్రిటన్ నుంచి తెప్పిచ్చిన్రట, పరిచినోళ్లు ఇటలీ మేస్త్రీలట. జనం కాళ్ల సందుల నుంచి నాకు కనపడ్డంత మేర కన్ను పెట్టి చూసిన, జాయింట్ల లైను ఎక్కడ వంకర పోలేదు. పక్కన స్తంభం కాడ మోకరించినట్టు చేసి వేలి కణుపులతోని కొట్టి చూసిన, డొల్ల సప్పుడు వస్తదేమో అని. రాలే. ఈ కాలంల మేము అతికిచ్చినయి ఐదేండ్లకే డొల్ల కొడుతున్నయి, అది మా తప్పా లేక బిల్డర్లు సిమెంటు పొదుపు చేసుడా అంటే అదొక పెద్ద పంచాయితీ. మా ఇంటామె జబ్బ గిల్లి "ప్రార్థన చేసుకో" అన్నది. చేసుకున్న. నిజం చెప్తే ఆ పరిచినోని పేరు కూడ తెల్వదు కదా దేవా అన్నదొక్కటే నా నోట్లకెళ్లి వచ్చింది ఆ పొద్దు.

మధ్యాహ్నం మళ్ల ప్లాటు కాడికొచ్చినం వంటలకు. ఆడ ఒక వాటర్ ట్యాంకర్ పెట్టిన్రు, నల్లా కింద అందరు గిన్నెలు కడిగి కడిగి బురద గుంట అయింది, నీళ్లు పోతలేవు, పైగ పొయ్యిల దిక్కే పారుతున్నయి. పక్క ఊరు అవ్వ ఒకామె బిందె పట్టుకొని జారి, పడబోయి ట్యాంకర్ టైరు పట్టుకొని ఆగింది. బిందె మాత్రం సొట్ట పడ్డది. అందరు అయ్యో అన్నరు, ఆమెను కూసోబెట్టిన్రు, మళ్ల అదే బురదల నిలబడి గిన్నెలు కడుగుతున్నరు.

నాకు ఆగలే. సూడంగనే తెలుస్తుంది అది వాటం, అంటే నీళ్లు పోయే వాలు, లేక అని, మొత్తం జాగ రోడ్డు దిక్కు వంగి ఉంది గని నల్లా ముందల ఒక జానెడు మట్టి దిబ్బ అడ్డమొచ్చింది, అంతే. డేరా గుంజలు పాతనీకి తెచ్చిన గడ్డపార ఒకటి పక్క క్యాంపుల ఉంటే అడుక్కొచ్చి దిబ్బ కొట్టేసి, మూరెడు వెడల్పు కాల్వ తీసిన. మా బామ్మర్దిని, ఇంకో ఇద్దరు పోరగాండ్లను పిలిచి రాళ్లు ఏరిపిచ్చిన, బల్లపరుపు రాళ్లు నల్లా కింద పరిచి సందుల్ల మొరం దట్టిచ్చిన. రసమట్టం లేదు కదా, ఒక ప్లేటుల నీళ్లు పోసి రాయి మీద పెట్టి చూసుకుంట సరిజేసిన. గంటన్నర పట్టింది. ప్యాంటు మొత్తం ఖరాబు, క్రిస్మస్ కొత్త ప్యాంటు, మా ఇంటామె సూపులు నేను సూడలే.

ఆ అవ్వ కూసున్న కాడి నుంచే మాట్లాడుతనే ఉంది. వాళ్ల అత్తకు అవ్వ ఈ చర్చికి తట్ట మోసిందట. కరువు రోజులు, 1914ల పని మొదలైంది, ఈ చర్చి కట్టిచ్చిన పాస్నెట్ దొర ఆకలితోటి వచ్చినోళ్లకు ఊకెనే బువ్వ పెట్టక పని చూపెట్టిండు, పని చేసి తిన్నరు, పదేండ్లు నడిచింది. "మా వోళ్లకు రాయి మోసుడు ఒక్కటే వచ్చు బిడ్డా, అదే మోసిన్రు" అన్నది. నేను చేతిల రాయి పట్టుకొనే ఉన్న అప్పుడు, ఏం మాట్లాడాల్నో తెల్వక ఆమె సొట్ట బిందె తీసుకొని లోపటి నుంచి రాయితోని కొట్టి సాపు చేసిచ్చిన. పూర్తిగ పోలే సొట్ట.

పాస్టర్ గారు ఎప్పుడొచ్చి చూసిన్రో, తిరుగు బస్సుల నా పక్కన కూసొని నిర్గమకాండం 31 తియ్యమన్నరు. ఫోన్ల తీసి చదివిన. బెసలేలు అని ఒకాయన, దేవుడు ఆయనను తన ఆత్మతోటి నింపిండు అని ఉంది, ఎందుకంటే ప్రసంగానికి కాదు, పాటకు కాదు, బంగారం పనికి, రాళ్లు చెక్కే పనికి, కట్టె పనికి. తోడుగ అహోలీయాబు అని ఇంకో పనోడు. ఇన్నేండ్ల సంది చర్చికి పోతున్న, ఈ పేర్లు ఒక్కసారి కూడ నా చెవుల పడలే, పడ్డా నేను నిద్రల ఉన్ననేమో. రెండుసార్లు చదివిన. సార్ ఇంకో చీటీ ఉందా అని అడిగిన. లేదు, టికెట్ ఎనక రాయి అన్నరు. ప్రైవేటు బస్సుకు టికెట్ యాడిది సార్ అంటే ఆయన కూడ నవ్విన్రు.

జనవరి మొదటి వారం ఒక ఆదివారం ఆరాధన అయినంక మా సంఘంల ఒంటరిగ ఉండే పెద్దమ్మ ఇంటికి పోయిన. ఆమె బాత్రూంల నీళ్లు నిలిచి పాకురు పట్టి, రెండుసార్లు పడ్డదట, ఎవరికి చెప్పలే. ఒక అపార్ట్‌మెంట్ల మిగిలిన టైల్స్ ఓనర్‌ను అడిగి తెచ్చిన, గరుకువి, కలర్ రెండు రకాలు కలిసినయి, చూడనీకి అంత బాగుండదు అని ముందే చెప్పిన. పాతయి పగలగొట్టి, మూల నుంచి తూముకు వాటం పెట్టి పరిచి, వైట్ సిమెంట్ కొట్టే వరకు రాత్రి ఎనిమిదయింది. రెండు దినాలు నీళ్లు పొయ్యొద్దు పెద్దమ్మా అని మరీ మరీ చెప్పి వచ్చిన.

మంగళవారం సాయంత్రం పోయి చూస్తే ఆమె చెంబు పట్టుకొని నా కోసమే చూస్తుంది. మూలకు ఒక చెంబు పోసింది. నీళ్లు నిలవకుంట జర్రున తూముల పడ్డయి. నా మొహం చూసి ఇంకో చెంబు పోసింది.