చెనిక్కాయల సాటే సాస్: అనంతపురంలో ఐదో ఆదివారం

డిసెంబరులో గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా పోయినాం, నేను, మా ఇంటామె, పిల్లలిద్దరు. ఆఖరి రోజు రాత్రి పణజిలో ఒక ఖరీదైన ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కు వెళ్లాం. జపాన్, థాయ్, మలేషియా వంటలను ఒకదానితో ఒకటి కలిపి వడ్డించే చోటు. నలుగురికి బిల్లు ఐదు వేలు దాటింది. సూషీ చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఇప్పుడు రుచి గుర్తులేదు. గుర్తుండిపోయింది ఒక్కటే: పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన కోడి సాటే, బావో అనే మెత్తని తెల్లని ఆవిరి రొట్టె మడతలో పెట్టి, పైన చెనిక్కాయల సాస్ పోసి ఇచ్చారు.

మాది చెనిక్కాయలు పండించే ఇల్లు. ఉడకబెట్టినవి, వేయించినవి, పొడి, ఊరిబిండి అనే పచ్చడి, చిక్కీ, అన్నీ తిని పెరిగాను. ఆ గింజలో ఇంత రుచి దాగుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో చేయాలని ఆ టేబుల్ దగ్గరే అనుకున్నాను. జనవరి నుంచి వీలైన ప్రతి ఆదివారం చేస్తూ, కొలతలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

మొదటిసారి తెలిసిన దారిలోనే పోయాను. గింజలు వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు, బెల్లం వేసి మిక్సీలో మెత్తగా తిప్పి, కొబ్బరిపాలలో ఉడికించాను. అమ్మ నాలిక మీద వేసుకుని, "ఇది బెల్లం పోసిన ఊరిబిండి నాయనా" అంది. నిజమే. పైగా గింజ మరీ మెత్తగా నలిగి నూనె వదిలి, సాస్ జిగటగా తయారైంది.

రెండోసారికి నిమ్మగడ్డి దొరికింది. దోమలు రావని మా కాలనీలో చాలామంది కుండీల్లో పెంచుతారు. ఎదురింటి అక్క ఒక పిడికెడు కోసిచ్చింది. పై ఆకులు టీకే పనికొస్తాయి. వంటకు కావాల్సింది మొదలు దగ్గరి నాలుగంగుళాల తెల్లటి కాడ, అదీ గట్టి పొరలు వలిచేశాక. వాసన రెస్టారెంట్ వైపు కొంచెం జరిగింది.

ఇక సాటే సాస్‌లో వేసే గలంగల్ దుంప ఎక్కడ దొరుకుతుందా అని రెండు వారాలు వెతికాను. చూడ్డానికి అల్లంలా ఉంటుంది, వాసన మాత్రం వేరు. చివరికి అది మనకు దుంపరాష్ట్రం అనే పేరుతో ఎప్పటి నుంచో తెలిసిందేనని తెలుసుకున్నాను. పాతూరులో వనమూలికలు అమ్మే అంగట్లో ఎండు ముక్కలు ఇచ్చారు. దగ్గుకు కషాయం కాచే దుంప సాస్‌లో పడుతుందంటే అంగడాయన నమ్మలేదు. ఎండుది కట్టెలా గట్టిగా ఉంటుంది, రాత్రంతా నానబెట్టినా మిక్సీలో పూర్తిగా నలగదు. మూడోసారి పీచు పంటికి తగిలింది. నానబెట్టే బదులు దంచి, జల్లించి, అర చెంచా పొడి వేస్తే సరిపోతుంది. ఎక్కువైతే మందు వాసన వస్తుంది.

అసలు మలుపు నాలుగోసారి. అంతవరకు నేను మసాలా ముద్దను రెండు మూడు నిమిషాలే వేయించేవాణ్ని. ఈసారి సన్న మంట మీద పదిహేను నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ, ముద్ద ముదురు రంగుకు తిరిగి నూనె అంచుల్లో తేలేదాకా ఓపిక పట్టాను. ఉల్లి పచ్చివాసన పోయి, నిమ్మగడ్డి ఘాటు మెత్తబడి, ఇల్లంతా పణజి వాసన వచ్చింది. మా పాప చదువుకుంటున్న గదిలోంచి లేచి వచ్చేసింది. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు నాకు.

ఐదోసారికి కొలతలు కుదిరాయి. అరకిలో కోడి తొడకండకు సరిపడా సాస్ ఇది. తోలు తీసిన కె-6 (కదిరి-6 రకం) చెనిక్కాయ గింజలు 150 గ్రాములు సన్నసెగ మీద వేయించి, బరకగా దంచాలి. బ్యాడగి మిరపకాయలు పన్నెండు, గింజలు తీసి నానబెట్టాలి. గుంటూరు మిరప వేస్తే రంగు రాకముందే కారం మించిపోతుంది. చిన్న ఉల్లిగడ్డలు ఎనిమిది, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, నిమ్మగడ్డి కాడలు రెండు కలిపి ముద్ద చేయాలి. దుంపరాష్ట్రం పొడి అర చెంచా, వేయించి దంచిన ఎండురొయ్యల పొడి ఒక చెంచా కూడా ఆ ముద్దలోనే. ఐదు చెంచాల చెనిక్కాయ నూనెలో వేయించాక 200 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు, గింజల పొడి, తాటిబెల్లం రెండున్నర చెంచాలు, ఉప్పు. చింతపులుసు దించే ముందు మాత్రమే పోయాలి, ముందే పోస్తే దాని పులుపు మొద్దుబారుతోంది. చల్లారితే సాస్ గడ్డకడుతుంది, వడ్డించేటప్పుడు వేడినీళ్లతో పలచన చేసుకోవాలి.

కోడి ముక్కలకు పసుపు, ధనియాలు, జీలకర్ర, నిమ్మగడ్డి, తాటిబెల్లం పట్టించి నాలుగు గంటలు ఉంచుతాను. వెదురు పుల్లలు గంటసేపు నీళ్లలో నానాలి, లేకుంటే కుంపటి మీద పుల్లే ముందు కాలుతుంది.

బావో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 300 గ్రాముల మైదా, ఐదు గ్రాముల ఈస్ట్, చెంచా చక్కెర, గోరువెచ్చని నీళ్లు. మన ఎండలకు పిండి గంటలోపే పొంగుతోంది. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి పట్టి, మంట ఆర్పాక మూడు నిమిషాలు మూత తీయకూడదు. తీస్తే ముడతలు పడతాయి.

చెనిక్కాయ, మిరప రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రాలు దాటి వచ్చిన పంటలే. సాటే పుట్టిన ఇండోనేషియా దీవి జావాలో వాళ్లు ఒకలా వండుకున్నారు, మనం ఒకలా వండుకున్నాం. ఆ తేడాను తేడాగానే ఉంచి వండాలని నా పట్టుదల. అందుకే పోపు పెడదామని మా ఇంటామె అన్నా ఒప్పుకోలేదు.

పచ్చి దుంపరాష్ట్రంతో ఇంకా చేయలేదు. బెంగళూరు నుంచి మా తమ్ముడి కూతురు రెండు దుంపలు తెచ్చింది. ఒకటి వచ్చే ఆదివారానికి ఫ్రిజ్‌లో ఉంది. రెండోది ఎర్రమట్టి, ఇసుక కలిపిన కుండీలో నాటాను. నిన్నటికి మొలక రెండంగుళాలు.