గుణుపురం మెడికల్ క్యాంపుకి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో అమ్మమ్మగారి ఇల్లున్న తెలుగు కుటుంబాలు అమెరికా, కెనడా క్రైస్తవ సంఘాల్లో చాలానే ఉన్నాయి. క్రిస్మస్ సెలవుల్లో మెడికల్ మిషన్ బృందం ఒడిశా కొండ ఊళ్లకి వెళ్తోందంటే మన పిల్లల్నీ వెంట తీసుకెళ్దామనిపించడం సహజం. తప్పకుండా తీసుకెళ్లండి. అయితే అక్కడ వాళ్లకి ఏ పని అప్పజెప్తామన్నదాన్ని బట్టే వాళ్లు ఏం నేర్చుకుంటారన్నది తేలుతుంది. మందుల సంచి పట్టుకుని ఫొటోలు దిగొచ్చిన పిల్లకి అమ్మానాన్నల ఊరు జాలిపడాల్సిన చోటుగా మిగిలిపోతుంది. అదే పిల్ల రోజంతా ఏఎన్ఎం (ఊరి ప్రభుత్వ నర్సు) అక్క చెప్పినట్టు తూకం మిషన్ దగ్గర కూర్చుంటే, ఆ ఊళ్లో తనకంటే ఎంతో తెలిసినవాళ్లున్నారని అర్థమవుతుంది. రెండోది జరగాలంటే ముందునుంచే ఏర్పాట్లుండాలి.

మొదట కాగితాలు. పిల్లలకి ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు చాలామంది. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఓసీఐ ఉన్నవాళ్లు మిషనరీ కార్యక్రమాల్లో పాల్గొనాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. సంఘం పేరుతో వెళ్లే క్యాంపు ఏ లెక్కలోకొస్తుందో టికెట్లు కొనకముందే కాన్సులేట్‌కి రాసి, జవాబు చేతిలో పెట్టుకోండి. ఒడిశాలో కేంద్ర ప్రభుత్వం గుర్తించిన 13 అతి బలహీన ఆదివాసీ తెగల్లో లాంజియా సవరలు, డోంగ్రియా కోదులు రాయగడ, గజపతి జిల్లాల వైపు ఉంటారు. విదేశీ పాస్‌పోర్టుతో ఆ ఊళ్లకి వెళ్లే ముందు కలెక్టరు కార్యాలయంలో అడగాలి. డాక్టర్ల సంగతి ఇంకా ఖచ్చితం: అమెరికాలో ఎంత పేరున్న డాక్టరైనా ఇండియాలోని మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషనో, తాత్కాలిక అనుమతో లేకుండా చీటీ రాయకూడదు. డబ్బు కూడా అంతే. విదేశీ పౌరుడిచ్చే విరాళం, అతను ఓసీఐ అయినా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి. పాస్టరుగారి సొంత ఖాతాకి పంపితే చిక్కుల్లో పడేది ఆయనే, మనం కాదు.

అందుకే అక్కడ ఏళ్లతరబడి పనిచేస్తున్న ఆసుపత్రి వెనక నడవడం మేలు. రాయగడ జిల్లా బిసంకటక్‌లోని క్రిస్టియన్ హాస్పిటల్‌ని డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ లీస్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టారు. గజపతి జిల్లా సెరంగోలోని ఆసుపత్రి కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటిది. ఇలాంటి చోట రికార్డులుంటాయి, భాష తెలిసిన నర్సులుంటారు, క్యాంపులో పట్టుబడిన జబ్బుకి మర్నాడు చూసే డాక్టరుంటారు. ఇవేవీ లేని క్యాంపు ఎంత ఘనంగా జరిగినా మూడో రోజుకి ఎత్తేసే పందిరే.

సెలవుల లెక్క కూడా చూసుకోవాలి. పిల్లలకి జూన్ నుంచి ఆగస్టు దాకా బడి ఉండదు. అవి అక్కడ వానలు, మలేరియా పెరిగే నెలలు, ఘాట్ రోడ్లు తెగే నెలలు. ఆ నెలలొద్దు. డిసెంబరులో చల్లగా ఉంటుంది గానీ వరి కోతలు, నూర్పిళ్లు సాగుతుంటాయి. పగలు క్యాంపు పెడితే ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ రారు. క్రైస్తవులున్న సవర ఊళ్లలో క్రిస్మస్ ముందురోజు నుంచీ ఊరంతా పండగలోనే ఉంటుంది. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్యలో నాలుగు రోజులు దొరుకుతాయి. వాటిలో సంత పడే రోజేదో కనుక్కుని, ఆ రోజు క్యాంపుని సంతకి దగ్గరగా పెట్టండి. కొండ దిగి వచ్చినవాళ్లు ఎలాగూ వస్తారు.

ఇక పిల్లల ఆరోగ్యం. "మనూరే కదా, మాకేమైంది?" అనే మాట ఇక్కడ ప్రమాదం. దోమకాటులో పెరిగిన పెద్దవాళ్ల ఒంట్లో ఒకప్పుడున్న కాస్త తట్టుకునే శక్తి బయటే పుట్టిన పిల్లలకి ఉండదు. పైగా పెద్దవాళ్లకీ ఇన్నేళ్లు దూరంగా ఉన్నాక అది పోతుంది. కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కనగిరి కొండల్లో ఉండేది ఎక్కువగా ఫాల్సిపారమ్ మలేరియా, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం. మలేరియా రాకుండా వేసుకునేవి అటోవాక్వోన్-ప్రొగువానిల్ మాత్రలైతే వెళ్లడానికి 1–2 రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుంటూ, తిరిగొచ్చాక 7 రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు, అదీ 8 ఏళ్లు దాటినవాళ్లకే. ఎక్కువమంది చేసే తప్పు విమానం దిగగానే మానేయడం. చివరి రోజు కుట్టిన దోమ వల్ల వచ్చిన క్రిమి ఇంకా కాలేయంలోనే ఉంటుంది, రక్తంలోకి దిగడానికి రోజులు పడుతుంది. ఆ మిగిలిన మాత్రలు దానికోసమే. డాక్సీసైక్లిన్‌ని గ్లాసుడు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు, గొంతులో మంట పుడుతుంది. ఎండకి చర్మం కూడా తొందరగా కమిలిపోతుంది.

టైఫాయిడ్ ఇంజెక్షన్ కనీసం రెండు వారాల ముందు వేయించాలి. హెపటైటిస్-ఎ వేయించారో లేదో కార్డులో చూసుకోండి. కుక్కలున్న ఊళ్లకి వెళ్తున్నాం కాబట్టి రేబీస్ ముందస్తు టీకా రెండు డోసులు, 0వ రోజు, 7వ రోజు. మల్కనగిరిలో 2016లో మెదడువాపు ఎందరో పిల్లల ప్రాణాలు తీసింది. అటువైపు వెళ్లేవాళ్లు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా గురించి డాక్టరుని అడగాలి. పిల్లలకి రెండు డోసుల మధ్య 28 రోజులు కావాలి. ఇవన్నీ కుదరాలంటే డిసెంబరు ప్రయాణానికి అక్టోబరు చివర్లోనే ట్రావెల్ క్లినిక్‌కి వెళ్లాలి. తిరిగొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా "మలేరియా ప్రాంతానికి వెళ్లొచ్చాం" అని ముందే చెప్పండి, లేకపోతే మీ ఊరి డాక్టరుకి ఆ ఊహే రాదు.

ఈ మలేరియా సంగతి చెప్తూ పిల్లలకి గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి చెప్పండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టి, ఆ భాషకి నిఘంటువు, వ్యాకరణం రాసిన మనిషి. కొండల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్లే ఆయనకి వినికిడి పోయిందంటారు. బయటినుంచి వచ్చినవాడు ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. మన పిల్లలకి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

దాంతోపాటు రెండో వైపు కూడా చెప్పాలి. ఈ సరిహద్దులో తెలుగు అంటే అమ్మమ్మ భాష ఒక్కటే కాదు. కొండవాళ్లకి అది దిగువనుంచి వచ్చిన సావుకారు భాష కూడా, ఒడియాలాగే. అప్పుల కింద పొలాలు పోయిన కథలు ఆ ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా ఒడిశా 1956లో రెగ్యులేషన్ తెచ్చింది అందుకే. ఈ సంగతి తెలిసిన పిల్ల వరుసలో నిలబడ్డవాళ్లతో గొంతు పెంచదు.

భాష విషయంలో ఒక్క నెల కష్టపడితే చాలు. బజారులో, వంట దగ్గర, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన నర్సులతో తెలుగు పనికొస్తుంది. మన పిల్లలు ఇంట్లో మాట్లాడ్డానికి సిగ్గుపడే ఆ తెలుగుతో అక్కడ పనులు జరుగుతాయి, అది చూశాక వాళ్లు మాట్లాడే తీరే మారుతుంది. ఒడియాలో ఓ పది మాటలు నేర్పండి: నమస్కార్, బసంతు అంటే కూర్చోండి, జర అంటే జ్వరం, కాశ అంటే దగ్గు, ఝాడా అంటే విరేచనాలు, కేతే దిన హేలా అంటే ఎన్నాళ్లయింది. ఒడియా అంకెలు చదవడం కూడా రావాలి, తల్లీబిడ్డల కార్డుల మీద అవి ఉండొచ్చు. సవర, కువి (కోదుల భాష) మాటలు మాత్రం ఊరి యువకులే అనువాదం చెయ్యాలి, వాళ్లకి రోజు కూలి ఇవ్వాలి. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనకుండా తెలుగువాళ్లయితే తాతా, మామ్మా, పిన్నీ అని, ఒడియావాళ్లయితే మావుసీ, అజా అని పిలవమనండి. సంఘ పెద్దలకి, అయ్యగారికి (పాస్టరుకి) చేతులు జోడించి వందనాలు చెప్పాలి.

ఏ పని ఇవ్వాలి? పదిహేనేళ్ల లోపు పిల్లల్ని అమ్మమ్మగారింట్లోనే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. ఆపై వాళ్లకి మంచి పనులున్నాయి, అన్నీ నర్సు చూస్తుండగా చేసేవే.

నమోదు బల్ల మొదటిది. సవర ఊళ్లలో గమాంగో, సబర్, రైతా అనే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి, పేర్లూ కలుస్తాయి. పేరొక్కటే రాస్తే మధ్యాహ్నానికి ఒకరి చీటీ ఇంకొకరి చేతిలో ఉంటుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, టోకెన్ నంబరు, ఈ నాలుగూ రాయాలి. వయసు చెప్పలేని ముసలివాళ్లని గద్దించకుండా పెద్ద కొడుకు వయసెంతో అడిగి అంచనా వేసుకోవాలి.

రెండోది చిన్నపిల్లల దండచేయి కొలత. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి మూడు రంగుల టేపుతో కొలుస్తారు. ఎడమ చేయి మడిచి, భుజం కొసకీ మోచేతికీ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టాలి. తర్వాత చేయి వదులుగా కిందికి వేలాడదీసి టేపు చుట్టాలి. కొత్తవాళ్లు టేపు గట్టిగా లాగేస్తారు. చర్మం నొక్కుకుపోయి, బాగున్న బిడ్డ కూడా ఎరుపులోకి వస్తుంది. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు, అంటే ఎరుపులో ఉంటే తీవ్రమైన పోషకాహార లోపం, 11.5కీ 12.5కీ మధ్యన ఉంటే జాగ్రత్తపడాల్సిన బిడ్డ. టేపు ఆకుపచ్చగా చూపించినా రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడాలి. రెంటి మీదా గుంట పడి ఉండిపోతే అది తీవ్రమే, వెంటనే నర్సుకి చూపించాలి. ఈ పేర్లన్నీ అంగన్‌వాడీ కార్యకర్తకి అదే రోజు ఇవ్వాలి, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపేది ఆమే. తూకం మిషన్‌ని మట్టి నేల మీద పెడితే తప్పు చూపిస్తుంది, కింద గట్టి చెక్క పలక వేసి, ప్రతిసారీ సున్నా చూసుకోవాలి.

మూడోది, పిల్లలకి బాగా నచ్చేది, దగ్గరి చూపు కళ్లద్దాలు. +1.00 నుంచి +3.00 దాకా అర పాయింటు తేడాతో తీసుకెళ్లండి, +2.00, +2.50 ఎక్కువ పెట్టుకోండి. నలభై దాటినవాళ్లని వెలుతురున్న చోట కూర్చోబెట్టి, 40 సెంటీమీటర్ల దూరంలో చేటలో బియ్యం పెట్టి రాళ్లు ఏరమనండి, లేదా సూదిలో దారం ఎక్కించమనండి. చదువు రానివాళ్లకి అక్షరాల చార్టు కంటే ఇదే నిజమైన పరీక్ష. తక్కువ పవరుతో మొదలుపెట్టి, పని జరిగిన మొదటి జత దగ్గరే ఆగిపోవాలి. "ఇంకా బాగా కనబడుతోంది" అని పెంచుకుంటూ పోతే, ఇంటికెళ్లాక బియ్యం ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే గాని కనబడవు, ఆ అద్దాలు గూట్లోకి పోతాయి. దూరపు చూపు లేనివాళ్లకి ఇవి పనికిరావు. కంటిపాప తెల్లగా ఉంటే శుక్లం, వాళ్ల పేర్లు ఆసుపత్రి జాబితాలో రాయాలి.

బీపీ చూడటం నర్సుకే వదిలేయాలి. పిల్లల పనల్లా కొండ దిగి వచ్చినవాళ్లని ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మాటలు పెట్టుకోకుండా చూడటం. నడిచొచ్చిన వెంటనే చూస్తే లేని బీపీ కనబడుతుంది.

మందుల బల్ల దగ్గర పిల్లలు మాత్రలు ముట్టుకోకూడదు, కవర్ల మీద బొమ్మలు వేయొచ్చు: పొద్దున్నకి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు. ఓఆర్ఎస్ కలపడం చూపించేది కూడా వాళ్లే కావచ్చు. పెద్ద ప్యాకెట్టుకి లీటరు నీళ్లు, ఖాళీ లీటరు సీసాతోనే చూపించాలి. గ్లాసులో కలిపేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. చూపించాక తల్లిని తన చేత్తో ఒకసారి కలిపి చూపమనాలి.

అమెరికానుంచి మందుల పెట్టెలు మోసుకురాకండి. గడువు దగ్గరపడ్డవి, ఇండియాలో దొరకని బ్రాండ్లు, ఇంగ్లీషు చీటీలు ఎవరికీ పనికిరావు. కస్టమ్స్‌లో ఆపితే అడగడానికీ మాటుండదు. ఆసుపత్రి ఇచ్చిన జాబితా ప్రకారం ఇండియాలోనే కొనండి. నెల బీపీ మాత్రలిచ్చి వెళ్లిపోవడమూ తప్పే, రెండో నెల ఎవరిస్తారు? ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. ఆశా కార్యకర్తతో ఆ మనిషి పేరు కలిపి పంపడమే మన పని. పదేపదే కీళ్ల నొప్పులు, పాలిపోయిన కళ్లు ఉన్న బిడ్డకి నొప్పి మాత్ర ఒక్కటి ఇచ్చి పంపకండి. ఈ కొండల్లో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉంది, ఆసుపత్రిలో పరీక్ష కావాలి.

ప్రార్థన సంగతి పిల్లలకి ముందే స్పష్టంగా చెప్పాలి. ఒడిశాలో 1967 నుంచి మతస్వేచ్ఛ చట్టం ఉంది, ప్రలోభపెట్టి మతం మార్చడం దాని ప్రకారం నేరం. మందుతోపాటు కరపత్రం ఇస్తే కేసు దాకా పోనక్కర్లేదు, ఆ ఊరి క్రైస్తవులకి ఇరుగుపొరుగుతో మాట పడుతుంది. మనం విమానం ఎక్కేస్తాం, వాళ్లు అక్కడే బతకాలి. ఆరాధన సాయంత్రం చర్చిలో, క్యాంపు పగలు బడి ఆవరణలో, రెండూ వేర్వేరుగా ఉండాలి. వరుసలో ఉన్నవాళ్ల ఫొటోలు తీయకూడదు, ఎవరి జబ్బూ అమ్మమ్మగారింట్లో కూడా మాట్లాడకూడదు.

కాలేజీ దరఖాస్తుకి సేవా గంటలు కావాలని పిల్లలు అడుగుతారు. రాసుకోనివ్వండి, తప్పు లేదు. కాకపోతే ఇల్లు చేరాక ఇంకో పని ఉంటుందని చెప్పండి: రిజిస్టరు అసలు కాపీ ఆసుపత్రిలోనే ఉండాలి. ఆసుపత్రికి పంపించినవాళ్లలో ఎందరు చేరారు, ఎందరు చేరలేదు, దారిఖర్చు ఎవరికి అడ్డొచ్చింది అని నెలకోసారి ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేసి, తెలుగులో అడిగి తెలుసుకోవాలి. దారిఖర్చుకి సంఘంలో పోగుచేసిన డబ్బు ఆ ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే పంపాలి.