ఆరడుగుల రీఫ్ ట్యాంకు: బరువు, నీళ్లు, కరెంటు, ఆ తర్వాతే చేపలు

పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంకే రీఫ్ ట్యాంకు. 6×2×2 అడుగుల ట్యాంకు అంచుదాకా నింపితే 680 లీటర్లు. రాళ్లు, అద్దం, స్టాండు, కింద సంపు (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకెళ్లే తొట్టె) కలిస్తే బరువు టన్ను దాటుతుంది. ఇళ్ల స్లాబుకు మామూలుగా లెక్కగట్టే లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 200 కిలోలు. ఈ ట్యాంకు ఆక్రమించే చోటు 1.1 చదరపు మీటరే, అంటే అక్కడ పడే బరువు ఆ లెక్కకు నాలుగు రెట్ల పైమాటే. అంతమాత్రాన స్లాబు వెంటనే కూలిపోదు. కానీ హాలు మధ్యలో కాకుండా బీము మీదుగా, గోడ వారగా పెట్టాలి. అపార్ట్‌మెంటు పై అంతస్తులో అయితే స్ట్రక్చరల్ ఇంజినీరును అడగకుండా అడ్వాన్సు కట్టొద్దు.

హైదరాబాదులో చాలా ఇళ్ల బోరు నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 500 పైనే ఉంటుంది. వంటింటి ఆర్వో నీళ్లు చాలవు. రుచి కోసం అందులో కొంత శుద్ధి చేయని నీటిని కలపడమో, మినరల్ కాట్రిడ్జి పెట్టడమో చేస్తారు. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) ఉండాలి, టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. 3 కనిపించిందంటే రెజిన్ మార్చే టైమొచ్చినట్టే. సిలికేట్, ఫాస్ఫేట్ లోపలికి జారేది అక్కడే, ఆ తర్వాత నాచుతో నెలలు పోట్లాడాలి.

సంపుతో కలిపి, రాళ్లూ ఇసుకా ఆక్రమించింది తీసేస్తే మొత్తం నీళ్లు సుమారు 700 లీటర్లు. లీటరుకు 36–38 గ్రాముల చొప్పున రీఫ్ సాల్టు 26 కిలోల దాకా పడుతుంది. డ్రమ్ములో ముందు నీళ్లు, పంపు తిరుగుతుండగా ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే గాఢత ఒక్కచోట పెరిగి కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుక్కి దిగుతుంది, అది మళ్లీ కరగదు. లక్ష్యం 35 పీపీటీ (కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల లవణాలు), అంటే సాపేక్ష సాంద్రత 1.026. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోవాలి, ఆర్వో నీళ్లతో కాదు.

ఇల్లు తడిసే ప్రమాదమంతా ప్లంబింగులోనే. ఈ ట్యాంకులో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే సంపులోకి 11 లీటర్లు దిగుతాయి. సంపు నుంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్ను పైపు మూతి నీళ్లలో 4 సెంటీమీటర్ల లోతున ఉంటే, కరెంటు పోగానే సైఫనై 44 లీటర్లు వెనక్కి వస్తాయి. అందుకే మూతి నీటిమట్టానికి కాస్త కిందే ఉండాలి, సంపులో ఆ ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వును నమ్ముకోవద్దు. ఒక చిన్న నత్త ఇరుక్కుంటే చాలు, అది మూసుకోదు. ఉప్పు కలపక ముందే మంచినీళ్లతో నింపి, పంపు ఆపి ఆన్ చేసి పదిసార్లు చూడండి.

ఇక ఎండాకాలం. నీళ్లు 25–27 డిగ్రీలు దాటనివ్వకూడదు. బయట 42 ఉన్నప్పుడు ఫ్యాన్లతో అయ్యే పని కాదు. ఈ పరిమాణానికి 1/3 నుంచి 1/2 హెచ్‌పీ చిల్లరు (నీళ్లు చల్లబరిచే యంత్రం) కావాలి, దాన్ని మూసిన క్యాబినెట్లో పెట్టకూడదు. వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. రోజుకు 10 లీటర్లు ఆవిరైనా ఉప్పు అలాగే మిగులుతుంది. మూడు రోజులు పట్టించుకోకపోతే ఉప్పదనం 35 కాస్తా 36.5 అవుతుంది. ఆవిరైనంత నీటిని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్‌తో ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

కరెంటు పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్. ఇన్వర్టరుకు చిల్లరు తగిలించొద్దు. ట్యాంకులో నీళ్లు కదిలించే 30 వాట్ల వేవ్ పంపు ఒక్కటే తగిలిస్తే 150 ఏహెచ్ బ్యాటరీ దాదాపు రోజంతా లాగుతుంది. నా లెక్కలో ఖరీదైన లైటు కంటే ఇది ముందు కొనాల్సిన వస్తువు.

డ్రై రాక్ (జీవం లేని ఎండు రీఫ్ రాయి) 45–50 కిలోలు చాలు. రాళ్లను అద్దం మీదే పేర్చి, తర్వాత ఇసుక పోయాలి. లేదంటే గోబీ చేపలు ఇసుక తవ్వితే పై రాయి జారి అద్దానికి తగులుతుంది. బాటిల్ బ్యాక్టీరియా వేసి అమోనియం క్లోరైడుతో అమోనియాను 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములు) తెండి. ఆ డోసు 24 గంటల్లో సున్నాకు, నైట్రైటు కూడా సున్నాకు వస్తే సైకిల్ (చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడం) పూర్తయినట్టు. సాధారణంగా 4–6 వారాలు. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా కావాలని తాపత్రయపడకండి. అలాంటి నీళ్లలోనే డైనోఫ్లాజెలేట్లు (నాచులాంటి సూక్ష్మజీవులు) జిగటగా, బుడగలతో పాకుతాయి. నైట్రేటు 5–10, ఫాస్ఫేటు 0.03–0.1 పీపీఎం ఉంటే చాలు.

ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల మోతాదు, కొలమానం డీకేహెచ్) 8–9 డీకేహెచ్, కాల్షియం 420–440 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం పైన. పగడాలు ఒక డీకేహెచ్ వాడుకుంటే కాల్షియం 7 పీపీఎమ్మే తగ్గుతుంది. కాబట్టి మార్పు ముందు కనిపించేది ఆల్కలినిటీలోనే, రోజూ చూడాల్సింది అదే. 700 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి 21 గ్రాముల బేకింగ్ సోడా పడుతుంది. రోజుకు ఒకటికి మించి పెంచొద్దు, కాల్షియంతో కలిపి ఒకేసారి వేయొద్దు.

పగడాల విషయంలో చట్టం తెలిసే దిగాలి. మన సముద్రాల్లోని రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ, సముద్రపు గుర్రాలు కూడా 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన్నార్ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. లెదర్, మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తటి రకాలతో మొదలుపెడితే 50–150 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు సరిపోతుంది.

చేపల్లో సాధువులు ముందు, కయ్యానికి కాలుదువ్వేవి ఆఖర్న. ట్యాంకుల్లో పుట్టిన ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జతతో మొదలుపెట్టి, ఎల్లో టాంగును చివర్లో వదలాలి. ముందు దిగితే ట్యాంకంతా తనదే అనుకుంటుంది. మాండరిన్ చేపను ఏడాదిదాకా ముట్టుకోవద్దు, తిండికి కోపిపాడ్లు (రొయ్యజాతి సూక్ష్మజీవులు) లేక ఎండిపోతుంది. ప్రతి చేపకూ క్వారంటైన్ (ముందు వేరే ట్యాంకులో ఉంచడం) తప్పదు. రాగి మందు అక్కడే, డిస్‌ప్లేలో (అసలు ట్యాంకులో) వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. తెల్లచుక్కల రోగం లోపలికొస్తే చేపలన్నిటినీ బయటికి తీసి, డిస్‌ప్లేను 76 రోజులు చేపల్లేకుండా ఉంచాల్సిందే.

జోయాంథిడ్లు ముట్టేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. అవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మాత్రం వేయొద్దు. కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి.