కోయసాన్ కొండ మీద మన నాగార్జునుడు

జపాన్‌లో ఒసాకాలో ఉండే శాకాహారులకు, బౌద్ధుల పుణ్యక్షేత్రమైన కోయసాన్ కొండ గురించి చెప్పాలంటే గుళ్ల కన్నా ముందు భోజనం సంగతి చెప్పాలి. కింద నగరంలో ఏ చారు నోట పెట్టినా ఎండుచేప వాసనే. ఇందులో చేప ఉందా అని అడిగితే లేదనే అంటారు. ముక్కలు లేవని వాళ్ల ఉద్దేశం. చారు కాచేది మాత్రం ఎండుచేప తురుముతోనే. కొండ మీద ఆ బెంగ లేదు. సన్యాసుల షోజిన్ వంటలో మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన పుట్టగొడుగులతోనే చారు కాస్తారు.

ఒసాకాలోని నంబా స్టేషన్‌లో నన్‌కాయ్ కంపెనీ రైలెక్కితే హషిమోతో దాకా మామూలు ప్రయాణమే. అక్కడి నుంచి రైలు కొండల్లో పడి, మలుపు మలుపుకీ వేగం తగ్గించుకుంటూ పోతుంది. గొకురాకుబషిలో దిగి కేబుల్ కారు, పైకి చేరాక బస్సు. కేబుల్ కారు స్టేషన్ నుంచి ఊరి వైపు వెళ్లే ఆ రోడ్డు మీద నడవనివ్వరు, కాబట్టి బస్సు ఎక్కక తప్పదు. శనివారం, పైగా మేపుల్ ఆకులు ఎర్రబడే కాలం. నిలబడడానికి కూడా చోటు దొరకలేదు.

బస ఖర్చు చూసి మాత్రం ఒళ్లు మండింది. ఈ ఊళ్లో యాభై దాకా గుళ్లలో యాత్రికులకు గదులిస్తారు. మేము దిగినచోట ఒక రాత్రికి మనిషికి 18,000 యెన్‌లు తీసుకున్నారు. స్నానాలగది అందరికీ ఉమ్మడి. ఎనిమిది వందల మీటర్ల ఎత్తున, నవంబరు చలిలో, గదికి ఒక చిన్న హీటరు. ఈ డబ్బుకు నంబాలో మంచి హోటలే వచ్చేది కదా అని సాయంత్రం ఐదున్నరకు భోజనం వచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాను.

ఎర్రని లక్కపూత పళ్లాలు వరసగా పెట్టి వెళ్లాడు ఒక కుర్ర సన్యాసి. నువ్వులు మెత్తగా నూరి, కుజు దుంప పిండితో ఉడికించి గడ్డ కట్టించిన గోమదోఫు ముందుగా తిన్నాను. నాలుక మీద తాటిముంజలా జారింది, తరువాత నువ్వుల కమ్మదనం నిలిచిపోయింది. ఇక కోయదోఫు ఈ కొండ పేరుతోనే పిలిచే వంటకం. తోఫును, అంటే సోయా పాల గడ్డను, మంచులా గడ్డకట్టించి ఎండబెట్టి, మళ్లీ చారులో నానబెట్టి ఉడికిస్తారు. కొరికితే లోపలి చారంతా నోట్లోకి వచ్చేస్తుంది. అనుమానం లేకుండా చివరి చుక్క దాకా తాగిన చారు జపాన్‌లో నాకు అదే మొదటిది. ఆ తరువాత ధర గురించి మాట్లాడలేదు.

తెల్లవారుజామున ఆరుకు ప్రార్థన, అది కాగానే పక్క మందిరంలో గోమ. అంటే మన హోమమే. చదరపు గుండం, పేర్చిన సమిధలు, పొడుగాటి గరిటెతో నూనె, ఆ పైన గుప్పెడు ధాన్యం. డప్పు మోత పెరిగేకొద్దీ మంట పైకప్పు వైపు లేచింది. మా ఇంటి గృహప్రవేశానికి కళ్లు మండించిన పొగే ఇక్కడా మండించింది. 816లో ఈ కొండను సంపాదించుకుని షింగోన్ అనే బౌద్ధ శాఖకు నెలవు చేసిన కూకాయ్ అనే సన్యాసి, అంతకు ముందు చైనా వెళ్లి ఈ విధులన్నీ నేర్చుకుని వచ్చాడు. చైనాకు అవి మన దేశం నుంచి వెళ్లినవే.

ఒకునోయిన్ శ్మశానం చూడనిదే ఎవరూ తిరిగి రారు కనుక వివరించను. దేవదారు చెట్ల కింద రెండు కిలోమీటర్ల దారి, రెండు లక్షలకు పైగా సమాధులు. చెదపురుగుల మందు వేసేవాళ్లు తమ చేత చచ్చిన పురుగుల కోసం నిలబెట్టిన రాయి కూడా ఉంది. దాని ముందు నిజంగా చేతులు జోడించాను. అయిదు అంతస్తుల రాతి స్తంభాలను మాత్రం ఆగి చూడండి. భూమికి చదరం, నీటికి గోళం, అలా పంచభూతాలకూ ఒక్కో ఆకారం. వాటి మీద సిద్ధం అనే పాత భారతీయ లిపిలో అ, వ, ర, హ, ఖ అనే బీజాక్షరాలు చెక్కి ఉంటాయి.

నన్ను నిలబెట్టేసింది దంజో గరన్ అనే గుళ్ల ప్రాంగణంలోని కొన్‌పొన్ దాయ్‌తో. దాదాపు యాభై మీటర్ల ఎర్ర గోపురం, 1937లో తిరిగి కట్టింది. లోపల నడుమ మహావైరోచన బుద్ధుడు, మూలల్లో షింగోన్ గురువులు ఎనిమిది మంది చిత్రాలు. మొదటివాడు ర్యూమ్యో. ఆయన నాగార్జునుడని పక్కనున్న పెద్దావిడ చెప్పింది. షికోకు ద్వీపంలోని ఎనభై ఎనిమిది గుళ్లూ తిరిగి, ఆనవాయితీ ప్రకారం కూకాయ్‌కి మొక్కు చెల్లించుకోవడానికి వచ్చిన యాత్రికురాలు ఆమె, తెల్ల బట్టల్లో ఉంది. దక్షిణ భారతంలోని ఇనుప స్తూపాన్ని నాగార్జునుడు తెరిచి, లోపలున్న వజ్రసత్త్వుడనే బోధిసత్త్వుడి దగ్గర రహస్య సూత్రాలు అందుకున్నాడని వాళ్ల సంప్రదాయం. మాధ్యమిక దర్శనం చెప్పిన తత్త్వవేత్త నాగార్జునుడూ ఈయనా ఒకరేనా అన్నది పండితుల వాదన. ఆ స్తూపం మన అమరావతిదే కావచ్చని చెప్పిన పండితులూ ఉన్నారు.

మాది ఆ కృష్ణా తీరమే అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. నాగార్జునకొండ ఉందని, ఆనకట్ట కట్టినప్పుడు లోయ మునిగితే కట్టడాలను కొండ మీదికి తరలించారని నాకొచ్చిన జపనీస్‌లో చెప్పాను. వింటూనే ఉంది. చివరికి, ఆ అమరావతి స్తూపం ఇప్పుడు చూడవచ్చా అని అడిగింది. అండం, అంటే పైనున్న గుమ్మటం, ఎప్పుడో పోయిందని, మిగిలింది పునాది దిబ్బేనని, మంచి శిల్పాలు చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయని చెప్పాల్సి వచ్చింది. మొదట అమరావతికే రండి, ఆ తరువాత చెన్నై వెళ్లండి అన్నాను. వరస మార్చి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.