పాత ట్రాక్టరు క్రాంక్ పుల్లీని విప్పడం

చెన్నైలో 1960లో మొదలైన టాఫే సంస్థ తయారుచేసిన పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు ఒకటి మాధవరం దగ్గర మా బాబాయిగారి షెడ్డులో ఉంది. దాని ఇంజను ముందువైపు నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు మార్చాలంటే మొదట ఇంజను ఇరుసైన క్రాంక్ షాఫ్టు మీద తుప్పుతో బిగుసుకుపోయిన పుల్లీని, అంటే బెల్టును తిప్పే చక్రాన్ని, ఊడదీయాలి.

పుల్లీ పోత ఇనుముది. పోత ఇనుము నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోదు కనుక, కాళ్ల పుల్లరును (కొక్కేల్లాంటి కాళ్లతో పట్టి లాగే పనిముట్టును) బెల్టు గాడి అంచుకు తగిలించి బిగిస్తే అంచు విరిగి చేతికొస్తుంది. షాఫ్టు ముక్కు మీద సుత్తితో బాదడం అంతకన్నా చేటు, ఎందుకంటే ఆ దెబ్బ షాఫ్టు ముందువెనకలకు జరగకుండా ఆపే లోపలి థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది.

"తొందరపడకురా, నూనెను దిగనివ్వు" అన్నారు బాబాయి. ఆయన మాట నిజమే. రాత్రంతా తుప్పును వదులుచేసే నూనెలో నాననిచ్చి, మర్నాడు దాన్ని శుభ్రంగా తుడిచాక, పుల్లీ నడిమి భాగమైన హబ్బును మాత్రమే గ్యాసు మంటతో చుట్టూ సమంగా వేడిచేశాము. పాత సీలు ఎలాగూ పోయేదే కాబట్టి వేడికి వెరవనక్కరలేదు. హబ్బులోని మర రంధ్రాలకు బోల్టులతో పట్టీ పుల్లరును (కాళ్లకు బదులు అడ్డపట్టీ ఉన్న పుల్లరును) బిగించి, పుల్లీ ఎగిరిపడకుండా మధ్య బోల్టును కొన్ని చుట్లు మాత్రం ఉంచి, పుల్లరు మరను కొద్దికొద్దిగా తిప్పగా, టప్పుమన్న చప్పుడుతో హబ్బు వెంట్రుకవాసి కదిలింది.

తరువాత పుల్లీ షాఫ్టు మీద జారి తిరగకుండా పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు కీని, దాని గాడిని పరీక్షించాలి. సీలు ఒరిసిన చోట హబ్బు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే, కొత్త సీలు కూడా కారుతుంది.