జీఎస్టీ నంబరు లేని ఉప్మా

ఆఫీసు పని మీద చెన్నై వచ్చి, ఎప్పట్లాగే హోటల్ కాకుండా హోమ్‌స్టేలో దిగాను. లైటు ఆర్పి పడుకున్నదాన్నే మళ్ళీ లేచి కూర్చున్నాను. మా ఆఫీసు అకౌంట్స్ కుర్రాడి మెయిల్ బుర్రలోంచి పోవడం లేదు. "బస బిల్లులో జీఎస్టీ నంబరు లేదు. క్లెయిమ్ పాస్ అవదు." అంతే. మొదట్లో ఒక నమస్తే లేదు, చివర్లో ఒక థాంక్స్ లేదు.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్తే, "హాయిగా హోటల్లో దిగక నీకెందుకొచ్చిన గొడవ" అన్నారు. మీకు తెలిసిందే, ఆయన సానుభూతి ఎప్పుడూ అవతలి పార్టీకే.

అసలు ఆ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను దిగిన ఇంటివాళ్ళు, అంకుల్, ఆంటీ, మైలాపూరులో మేడ మీద రెండు గదులు అద్దెకి ఇచ్చుకుంటున్న పెద్దవాళ్ళు. ఏడాదికి ఇరవై లక్షల రాబడి దాటనివాళ్ళకి ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పన్నే వేయని రసీదు మీద పన్ను నంబరు ఎలా ఉంటుంది? రాత్రికి 2,200, కింద అంకుల్ సంతకం. ఆఫీసు వాళ్ళు బుక్ చేసే గిండీ హోటలైతే 5,500, ఆ పైన పన్ను. పన్ను 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి దిగిందనుకోండి, అయినా ఆ కాస్తా కంపెనీకి వెనక్కి వస్తుందా అంటే రాదు. హోటల్ గది మీద పన్ను ఆ భవనం ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి లెక్కలోకే పోతుంది. చెన్నైలో కట్టింది, తమిళనాడులో రిజిస్ట్రేషన్ లేని మా హైదరాబాదు కంపెనీకి క్రెడిట్‌గా దక్కదు. దక్కని క్రెడిట్ కోసం, సగానికి పైగా డబ్బు మిగిల్చిన మనిషి బిల్లు ఆపడం!

ఇదంతా ఆ మెయిల్‌కి జవాబుగా రాశాను. పంపలేదు. 'దయచేసి' అన్న ప్రతిచోటా తిట్టినట్టే ఉంది.

హోమ్‌స్టే అంటే ఆఫీసులో ఒక చులకన కూడా ఉంది, అది పూర్తిగా వాళ్ళ తప్పు కాదు. కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ హోమ్‌స్టే పథకంలో అయితే ఒకటి నుంచి ఆరు గదుల దాకానే, పైగా యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. యాప్‌లలో ఆ పేరుతో దొరికేవాటిలో మాత్రం మనిషి అలికిడి లేని ఫ్లాట్లు బోలెడు. షోళింగనల్లూరులో అలాంటి దాంట్లో ఒకసారి దిగాను. తాళంచెవి గోడకి తగిలించిన నంబర్ల డబ్బాలో. పొద్దున్నే నీళ్ళు ఆగిపోయాయి. ఫోన్ చేస్తే ఓనరు కోయంబత్తూరులో, వాచ్‌మన్‌కి హిందీ తప్ప రాదు, నాకేమో తొమ్మిదికి ప్రెజెంటేషన్. బిస్లెరీ సీసాలతో మొహం కడుక్కుని వెళ్ళాను. దాంతో పోలిస్తే ఈ ఇల్లు స్వర్గం. తిరుమయిలై స్టేషన్ దగ్గరే, రైలెక్కితే తరమణికి ఇట్టే వెళ్ళిపోవచ్చు. మెట్రో తవ్వకాలతో లజ్ దగ్గర రోడ్డు ఎప్పుడు ఎటు తిప్పుతారో ఆటోవాళ్ళకే తెలియదు కాబట్టి అది చిన్న వరమేమీ కాదు. ఫిల్టర్ కాఫీ గురించి ఇంతకుముందే రాసి మీ ప్రాణాలు తీశాను.

అయితే ఇవాళ ఇంకోటి జరిగింది. మీటింగ్ సాగీ సాగీ, వానలో చిక్కుకుని, తొమ్మిదిన్నర దాటాక గేటు తీశాను. ఆంటీ వరండాలోనే కూర్చుని ఉన్నారు. "ఏమ్మా, ఇంత పొద్దుపోయిందే? ఒక ఫోన్ చెయ్యకూడదా?" నిలువునా తడిసి, మీటింగులో పదిమందికి జవాబులు చెప్పి చెప్పి వచ్చి, మళ్ళీ ఇంకొకరికి సంజాయిషీ! "సారీ ఆంటీ" అన్నాను. అన్నం తిననన్నాను. ఎందుకు తినవన్నారు. తిన్నాను.

హోటల్లో ఎవరూ అడగరు. మొహం మాడ్చుకుని లిఫ్టెక్కినా ఎవరికీ పట్టదు. ఆ పట్టకపోవడానికే 5,500 ఇస్తారేమో, అదేం తక్కువ సుఖం కాదని మెట్లెక్కుతూ అనిపించింది.

అలా అనుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో ఉన్నప్పుడు నాన్న బ్యాంకుకి ఇన్‌స్పెక్షన్‌కి ఒకాయన క్యాంపు వచ్చేవాడు. లాడ్జిలో నల్లులని మా ఇంట్లోనే బస. ముందుగది ఆయనకి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఆయనకి, మేం పిల్లలం వరండాలో దోమలతో. అమ్మ తెల్లారకుండానే లేచి నీళ్ళు కాచేది. రెండు పూటలా కూర, పప్పు, పచ్చడి, పులుసు. ఆయన గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకుంటూ "ఏ హోటల్లో వస్తుందమ్మా ఈ రుచి" అనేవాడు. నాన్న మొహం వెలిగిపోయేది. అమ్మ మొహం నాకు గుర్తు లేదు, ఆవిడ ఎప్పుడూ వంటింట్లోనే కదా. కొన్నాళ్ళకి నాన్న స్నేహితుడొకాయన మాటల్లో బయటపెట్టాడు. ఆ మహానుభావుడు మా ఊరు వచ్చిన ప్రతిసారీ టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లులో లాడ్జి రసీదు పెట్టుకునేవాడట. నాన్న "పోనీలే" అన్నారు. అమ్మ మాత్రం, "అయితే గుత్తివంకాయ కూడా ఏదో ఒక ఖాతాలో రాసుంటాడు, కనుక్కోండి" అంది. ఆ తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా మా ఇంట్లో పప్పు, మజ్జిగే.

దీన్నిబట్టి చూస్తే, 'ఇంట్లో ఉన్నట్టే ఉంది' అని నేను ఆఫీసులో అందరికీ చెప్తుంటానే, ఆ ఇంట్లో ఉన్నట్టు ఉండటానికి అయిదింటికి లేచేది ఎవరు? డెబ్బై ఏళ్ళావిడ. హోటల్లో అయితే షిఫ్టులుంటాయి, జీతాలుంటాయి, వారానికో సెలవు ఉంటుంది. హోటలే న్యాయమేమో అని కాసేపు గట్టిగా అనుకున్నాను. కానీ ఆంటీ మా అమ్మ కాదు. మొదటిరోజే చెప్పేశారు, ఉప్మా కాఫీ వేరే, 150 అని. రాత్రి అన్నం పెట్టినా పుస్తకంలో రాస్తారు. బలవంతాన పెట్టిన ఇవాళ్టి అన్నం కూడా రాశారు, చూశాను! కోపం పోయి నవ్వొచ్చింది. పెట్టినదానికి లెక్క రాసుకునే ఆడమనిషిని చూస్తే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది.

ఆ ఊపులోనే డిసెంబరు మూడో వారం మళ్ళీ వస్తాను, గది ఉంచమన్నాను. "డిసెంబరా? కుదరదమ్మా" అన్నారు. ధనుర్మాసం కచేరీలు వినడానికి అమెరికా నుంచి వచ్చేవాళ్ళు ఆగస్టులోనే అడ్వాన్సు పంపేశారట. రేటు కూడా అప్పుడు 4,000 అట. ఇంత పొద్దుపోయిందే అని వరండాలో కూర్చున్న మనిషి ఈవిడేనా అని చిన్న చివుక్కు. అంతలోనే, ఆ వారం గిండీలో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదని హాయి కూడా. ట్రావెల్ డెస్క్‌కి హోటల్ అని రాసేశాను. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ 2,200కే ఇస్తారట, కానీ ఫిబ్రవరిలో నన్ను చెన్నై పంపుతారో, పుణే పంపుతారో.